పేరులో ‘నానో’ ఉంటేనే ఉద్యోగమా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉంది. గాజు పలకల మీద బంగారు నానో కణాలు అతికించడం తన ప్రాజెక్టు. పీహెచ్‌డీ కూడా అందులోనే చేస్తానంటోంది. అతికించడం కూడా ఒక చదువేనా? అంత ఇష్టముంటే పేరులోనే నానోటెక్నాలజీ ఉన్న కోర్సులో చేర్చమనీ, ఉద్యోగాలు దానికే ఉన్నాయనీ తెలిసినవాళ్లు చెబుతున్నారు. రెండూ పోల్చి చెప్పండి. ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే నాకు జవాబు తోచడం లేదు. – ఒక తండ్రి

జవాబు: మీరు అడిగింది పోలిక. కానీ మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆ చివరి వాక్యమేనని నాకు అర్థమైంది. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదండీ. కోర్సు పేరు మారుతుందంతే, భయం ఒక్కటే: నలుగురికీ తెలియని చదువుకు ఉద్యోగం ఎవరిస్తారని. అందుకే ముందు ఆ అతికించడం సంగతి చూద్దాం.

శుభ్రమైన గాజు పలక మీద బంగారు కణాల ద్రావణం పోసి కడిగితే కణాలు చాలావరకు నీళ్లతో పాటే పోతాయి. మామూలుగా ఆ కణాలను చుట్టుకుని సిట్రేట్ ఉంటుంది, దాంతో వాటికి రుణావేశం వస్తుంది. నీళ్లలో గాజుదీ రుణావేశమే. కాబట్టి మధ్యవర్తి కావాలి. అమైనోసైలేన్ అనే అణువు ఒక చివరతో గాజు మీది హైడ్రాక్సిల్ గ్రూపులను పట్టుకుని, రెండో చివరనున్న అమైన్ అనే నైట్రోజన్ గ్రూపును బయటికి చాపుతుంది. ఆ అమైన్ ధనావేశం తెచ్చుకుని కణాలను లాక్కుంటుంది. చెప్పడానికి ఇంతే. చేయబోతే తెలుస్తుంది కష్టం. తేమ ఎక్కువైతే సైలేన్ అణువులు గాజు సంగతి మరిచి వాటిలో అవే ముడిపడి గడ్డలు కడతాయి. మరీ పొడిగా ఉంటే చర్య సరిగా సాగదు. పైగా ఒక అణువు మందం పొర కంటికి కనిపించదు కదా. పలక మీద నీటిబొట్టు ఎంత కోణంలో నిలుస్తోందో కొలవాలి, ఉపరితలం మీద ఏ మూలకాలున్నాయో ఎక్స్‌రేలతో పట్టిచ్చే ఎక్స్‌పీఎస్ పరీక్షలో ఆ అమైన్ తాలూకు నైట్రోజన్ కనబడుతోందో లేదో చూడాలి. ఇవన్నీ తన చేత్తో చేస్తున్న పిల్లను ‘అతికించడమేగా’ అంటే ఎలాగండీ?

ఇక ఎక్కడ పనికొస్తుందంటారా? చాలా రకాల గర్భ నిర్ధారణ పట్టీల్లో కనిపించే ఎర్రగీత, యాంటీబాడీలు తగిలించిన బంగారు కణాలదే. ఈ ఉదాహరణ నలుగురిలో చెప్పడానికి మొహమాటమైతే మందుల కంపెనీల ల్యాబుల సంగతి చెప్పండి. అక్కడ మందులోని పదార్థాలను విడదీసి స్వచ్ఛత పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ యంత్రాల కాలమ్‌లలో, అంటే గొట్టాల్లో, ఎక్కువగా వాడే రకంలో, సన్నటి సిలికా గింజలకు 18 కార్బన్ల గొలుసులు అతికించి ఉంటాయి. మెరిఫీల్డ్ అనే రసాయన శాస్త్రవేత్త 1963లో పాలిమర్ పూసకు ఒక అమైనో ఆమ్లాన్ని తగిలించి, దాని మీద ఒక్కొక్కటే పేర్చుకుంటూ పెప్టైడ్ అనే అమైనో ఆమ్లాల గొలుసు కట్టవచ్చని చూపించాడు. 1984లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఉపరితల రసాయనానికి 1932లోనే నోబెల్ అందుకున్న లాంగ్‌మ్యూర్ పనిచేసింది యూనివర్సిటీలో కాదు, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రయోగశాలలో. ఉద్యోగం అన్నారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇప్పుడు ఆ నానోటెక్నాలజీ కోర్సు గురించి. అన్నీ పనికిరానివని అనను. మంచి ల్యాబు, మంచి అధ్యాపకులు ఉన్నచోట బాగానే ఉంటాయి. కానీ నా దగ్గరికి వచ్చే ఆ కోర్సు పిల్లల్లో చాలామందికి కొంచెం ఫిజిక్స్, కొంచెం బయాలజీ, కొంచెం మెటీరియల్స్ తెలుసు. ఒక్కటి లోతుగా అడిగితే తడబడతారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బొమ్మలు రిపోర్టు నిండా ఉంటాయి, నమూనా ఎలా తయారుచేశావంటే ‘ఆపరేటర్ చేశాడు’ అంటారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు నానో అన్న మాట కొత్త కాదు. ఏ అణువును దేనికి ఎలా కట్టావు, కట్టుకుందని నీకెలా తెలుసు అని అడుగుతారు. ఆ రెండింటికీ జవాబు మీ అమ్మాయి దగ్గర ఇప్పటికే ఉందని నా అనుమానం. ఇంకో చిక్కు, కెమిస్ట్రీ డిగ్రీ అడిగే ఉద్యోగానికి నానోటెక్నాలజీ డిగ్రీ చెల్లుతుందో లేదో ప్రతిసారీ కనుక్కోవాల్సిందే. పేరు కోసం పోయి ఆ తలనొప్పి కొని తెచ్చుకోవడం ఎందుకు?

అలాగని ఆమె రంగంలో అంతా బంగారమేనని చెప్పను. ఘనపదార్థానికి కట్టేసిన ఉత్ప్రేరకాలనే తీసుకోండి. వడగట్టి మళ్లీ మళ్లీ వాడొచ్చని పేపర్లు ఊరిస్తాయి. చాలాసార్లు లోహం కొంచెం కొంచెంగా ద్రావణంలోకి జారిపోయి, పని చేసేది అదే అవుతుంది. వేడిగా ఉండగానే వడగట్టి, ఆ తేట ద్రవంలో చర్య ఇంకా సాగుతోందేమో చూస్తే కొంత గుట్టు బయటపడుతుంది. ఈ పరీక్ష చేయించని గైడ్ దగ్గర మాత్రం చేరొద్దని ఆమెకు చెప్పండి. చేరేముందు ఆ ల్యాబులోని సీనియర్లతో మాట్లాడాలి, ఎన్నేళ్లు పడుతోందో, బయటికి వెళ్లినవాళ్లు ఏం చేస్తున్నారో అడగాలి. పీహెచ్‌డీ చేసినవాళ్లందరూ ప్రొఫెసర్లు కారు. డయాగ్నస్టిక్స్, పూతలు, సెన్సర్లు, హెచ్‌పీఎల్‌సీ లాంటి క్రొమటోగ్రఫీ కంపెనీల వైపు కూడా ఆమె ఇప్పటినుంచే ఒక కన్నేసి ఉంచడం మంచిది.

ఒక మాట గట్టిగా అంటాను, ఏమీ అనుకోకండి. ఉత్తరంలో తెలిసినవాళ్లు ఏమన్నారో రాశారు, అడిగేవాళ్లకు ఏం చెప్పాలో తెలియట్లేదని రాశారు. మీ అమ్మాయికి ఆ పని ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క రాయలేదు. అడిగి ఉండరు. ఎవరో పలకరింపుగా అడిగిన ప్రశ్నకు జవాబు కోసం పిల్ల చదువు మార్చేస్తారా? చివరి సంవత్సరం దాకా వచ్చింది, కెమిస్ట్రీ చేతిలో ఉంది, ఒక పనితనం అలవడుతోంది. నష్టపోయింది ఏమీ లేదు, కంగారు పడాల్సిందీ లేదు.

ఈ వారం ఒకసారి ఆమెను కూర్చోబెట్టుకుని, పలకలు ఎన్నిసార్లు పాడయ్యాయో, ఎందుకు పాడయ్యాయో అడగండి. మధ్యలో ఉద్యోగం మాట ఎత్తకండి. ఆ ప్రాజెక్టు పూర్తయ్యేదాకా ఏ కోర్సుకూ అడ్వాన్సు కట్టకండి.