బీఈడీ ఫీజు కన్నా ఎదురుచూపు ఖర్చే ఎక్కువ

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో అమ్మానాన్నలతో ఉంటూ, హైటెక్ సిటీలోని ఒక కంపెనీలో నాలుగున్నరేళ్లుగా పనిచేస్తున్నాను. మూల వేతనం 26,000. బీఏ చదివాను. ఉద్యోగం మానేసి బీఈడీ చేసి, ప్రభుత్వ బడిలో సాంఘిక శాస్త్రం స్కూల్ అసిస్టెంట్‌ను (టీచర్‌ను) కావాలని ఉంది. 4,00,000 ఎఫ్‌డీ, నెలకు 5,000 చొప్పున 20 నెలల చిట్టీ (ఇంకా 8 వాయిదాలు) ఉన్నాయి. చిట్టీ పాడుకుని ఇప్పుడే రాజీనామా చేయవచ్చా?

జవాబు: రాజీనామాను 6 నెలలు ఆపండి. సర్వీసు 5 ఏళ్లు నిండితే గ్రాట్యుటీకి (ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ సర్వీసును బట్టి ఇచ్చే మొత్తానికి) మీరు అర్హులవుతారు. మీ మూల వేతనాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి 15,000, అంటే 5 ఏళ్లకు 75,000 చేతికొస్తాయి. చిట్టీ కూడా అప్పటికి 2 వాయిదాల దూరంలో ఉంటుంది కనుక, ఇప్పుడు పాట పెంచి వేలల్లో వదులుకోవలసిన పని లేదు. పీఎఫ్ జోలికి వెళ్లకండి.

అసలు లెక్క ఫీజుది కాదు. బీఈడీ రెండేళ్లు; తరగతులకూ, బడిలో బోధనాభ్యాసానికీ హాజరు తప్పదు కాబట్టి ఉద్యోగంతో పాటు సాగదు. ఇంట్లో ఉంటున్నా మీ సొంత ఖర్చు నెలకు 14,000 అనుకుంటే 24 నెలలకు 3,36,000. ఎఫ్‌డీలో మిగిలే 64,000, గ్రాట్యుటీ కలిపితే మరో 10 నెలలకు కాస్త తక్కువగా గడుస్తుంది. ఫీజుకు చిట్టీ డబ్బు పక్కన పెట్టండి. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో మంచి ర్యాంకుతో కన్వీనర్ కోటా (ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే) సీటు, వీలైతే మాసాబ్‌ట్యాంక్ ఐఏఎస్ఈ లాంటి ప్రభుత్వ కళాశాలలో తెచ్చుకుంటే అందులోనూ కొంత మిగులుతుంది.

అయితే డీఎస్సీ మన క్యాలెండర్ చూసి రాదు. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ ఉపాధ్యాయ నియామక పరీక్ష జరిగింది 2024లోనే, 11,062 పోస్టులకు. స్కూల్ అసిస్టెంట్ మూల వేతనం 2020 వేతన సవరణ (పీఆర్సీ) ప్రకారం 42,300తో మొదలవుతుందన్నది నిజమే కానీ, అది ఏ ఏడాది మొదలవుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే బీఈడీ పూర్తికాగానే ఇంట్లో కూర్చుని చదవడం కన్నా, జీతం ఇప్పటిదాంట్లో సగమే అయినా ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పడం మేలు, పాఠం చెబుతుంటే సిలబస్ దానంతటదే తిరగేసినట్లవుతుంది (ఈ మాట ఆర్థిక సలహాదారు చెప్పవలసింది కాదేమో!). డీఎస్సీలో టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది. 150 మార్కుల టెట్ రెండో పేపరులో 60 సాంఘిక శాస్త్రానివే కనుక, అర్హతతో సరిపెట్టుకోకుండా మార్కు పెరిగేదాకా మళ్లీ రాయండి.

ఎఫ్‌డీని ఒకే ముక్కగా ఉంచకుండా, 6 నెలలకొకటి చొప్పున గడువు తీరేలా నాలుగు లక్ష రూపాయల డిపాజిట్లుగా మార్చుకుంటే, మధ్యలో విరిచి వడ్డీ పోగొట్టుకునే అవసరం రాదు.