బోర్డు ఉండదు, ఫోన్ చేయాలి

ఒరే శ్రీనూ,

మీ అమ్మ చేత చెప్పించకుండా నువ్వే అడిగావు, సంతోషం. మన విశాఖ మద్దిలపాలెంలో వీధులన్నీ తిరిగినా, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసే ఏఏ మీటింగ్ కనపడలేదన్నావు. కనపడదురా. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, ఆ పేరులోనే ఉంది, పేర్లు బయటికి రానివ్వని వ్యవహారం. ఏ స్కూలు గదో, చర్చి హాలో గంటా గంటన్నర తీసుకుంటారు, అయిపోగానే కుర్చీలు సర్దేసి పోతారు. మర్నాడు నువ్వెళ్తే అక్కడ పిల్లలు ఎక్కాలు చదువుతుంటారు. చర్చి హాలన్నానని కంగారు పడకు, అది మతం మీటింగ్ కాదు. మన అప్పన్న స్వామిని వదులుకోమని ఎవరూ అనరు.

కాబట్టి చోటు కోసం తిరగడం మాని, ముందు మనిషిని పట్టుకో. అసలిది మొదలైందే అలాగ. 1935లో బిల్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి పని మీద యాక్రన్ అనే ఊరెళ్లాడు. ఆ పని కాస్తా చెడింది. తాగుడు మాని కొన్ని నెలలే. హోటల్లో పక్కనే బారు. అందులోకి పోకుండా, అక్కడున్న చర్చిల జాబితా చూసి ఫోన్లు మొదలెట్టాడు, తనలాంటి తాగుబోతు ఇంకొకడితో మాట్లాడించమని. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్, ఆపరేషన్లు చేసే సర్జన్. వాళ్లిద్దరూ కూర్చుని మాట్లాడుకున్న దాన్లోంచి వచ్చిందే ఇదంతా. మన దేశంలో 1957 నుంచి ఉంది.

ఏఏ ఇండియా సొంత సైట్లోంచి నంబరు తీసుకుని చెయ్యి. ఎత్తేవాడూ మనలాంటోడే, ఉపన్యాసం ఇవ్వడు. ఏ రోజు, ఎన్నింటికి, ఏ గుర్తు దగ్గర దిగాలి అని అడుగు. తెలుగులో మాట్లాడతారా అనీ అడుగు. నేవీ, పోర్టు, స్టీల్ ప్లాంటు అంటూ దేశమంతా వచ్చి పడిన ఊరు మనది, అందరూ తెలుగువాళ్లే ఉంటారనుకోకు. ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా అన్నది కూడా తెలుసుకో. ఓపెన్ అయితే మీ ఆవిడ కూడా రావొచ్చు, క్లోజ్డ్ అయితే తాగుడు మానాలనుకునేవాళ్లే. చివరగా, గేటు దగ్గర నా కోసం ఎవరైనా నిలబడతారా అని మొహమాటపడకుండా అడుగు. నిలబడతారు.

నువ్వు నెట్‌లో వెతికినప్పుడు ముందొచ్చేవి డీఅడిక్షన్ సెంటర్ల ప్రకటనలు. అవి వేరు, ఇది వేరు. ఫీజెంత అంటే అంకె చెప్పారనుకో, అది ఏఏ కాదు. ఇక్కడ ఫీజు లేదు, హాజరు పట్టీ లేదు, మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. చివర్లో ఒక చందా డబ్బా తిప్పుతారు, కొత్తవాడివి కాబట్టి నువ్వేం వెయ్యక్కర్లేదు. సెంటర్లో చేరాల్సి వస్తే మాత్రం 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడకుండా చేరకు. ఇక ‘తెలియకుండా మాన్పిస్తాం’ అని గోడల మీద రాసే పొడుల జోలికి మీ అమ్మని అస్సలు పోనివ్వకు. తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ లాంటి బిళ్ల చెప్పకుండా అన్నంలో కలిపితే, ఆ పైన తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. డాక్టరు ఇచ్చి, తాగేవాడు తెలిసి మింగాల్సిన మాత్ర అది.

ఇంకో మాట, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకు. పొద్దున్నే చేతులు వణుకుతున్నాయా? ఒక పెగ్గు పడితేగానీ ఆగడం లేదా? అయితే పౌరుషానికి పోయి ఈ రాత్రే మానెయ్యకు. రోజూ గట్టిగా తాగేవాడు ఒక్కసారిగా ఆపితే 6 గంటల నుంచి 48 గంటల లోపల ఫిట్స్ రావొచ్చు. రెండు మూడు రోజులకి లేనివి కనపడి, ఉన్నవాళ్లని పోల్చుకోలేని స్థితి కూడా వస్తుంది. మనుషులు పోతారు దీంతో. ముందు చినవాల్తేరు మానసిక వైద్యశాల ఓపీకి వెళ్లు. వాళ్లు వణుక్కి మాత్రలు, బి1 విటమిన్ ఇచ్చి, దగ్గరుండి చూసుకుంటూ మెల్లగా తాగుడు మాన్పిస్తారు. ఫిట్స్ వస్తే ఆలోచించొద్దు, నేరుగా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకే. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416, అది టెలీ మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను. మత్తు విషయాలకే ఉన్న ఉచిత నంబరు 14446.

మీటింగ్‌లో ఏం చెప్పాలన్న భయం అక్కర్లేదు. ‘ఈ రోజు వింటాను’ అంటే చాలు, ఎవరూ నిలదియ్యరు. మీ డిపార్ట్‌మెంటు వాడు ఎదురైతే? అయితే ఏటి, వాడూ అందుకే వచ్చాడు కదా. మొదటిది నచ్చకపోతే ఏఏ మొత్తం పనికిరాదని తేల్చెయ్యకు. ఒక్కో గ్రూపు ఒక్కోలా ఉంటుంది, కొన్నిచోట్ల అదే పెద్దమనిషి అదే కథ చెప్తుంటాడు. రెండో గ్రూపుకి వెళ్లు. నీకు ఎలాగూ రెండు కావాలి, మధ్యాహ్నం బీ షిఫ్ట్ పడిన వారం సాయంత్రం మీటింగ్ అందదు. ఆ వారానికి జూమ్‌లో జరిగేవి అడిగి పెట్టుకో.

మీ ఆవిడకి వేరే గుంపు ఉంది, ఆల్-అనాన్ అంటారు. తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం బిల్ భార్య లోయిస్, ఇంకొకావిడ కలిసి 1951లో పెట్టారు. నువ్వు మానినా మానకపోయినా ఆమె వెళ్లొచ్చు. నీ అనుమతి అడగక్కర్లేదు, ఆ సంగతి ముందే చెప్తున్నా.

నీ షిఫ్ట్ చార్టు ఫొటో తీసి పంపు. నీకు పొద్దుటి ‘ఏ’ షిఫ్ట్ ఉన్న రోజు చూసి ఓపెన్ మీటింగ్ ఏదో కనుక్కుంటాను. రెండింటికి డ్యూటీ దిగాక ఇంటికెళ్లి తినేసి రా. ఖాళీ కడుపుతో రాకు, ఆకలికీ ఆ యావకీ తేడా తెలీదు మొదట్లో.

మీ మావయ్య