చందాల జాబితా రాసే ముందు బడి అంతా ఒకసారి తిరిగి చూడండి

ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీకి కొత్తగా ఎన్నికయ్యామనీ, వార్షికోత్సవం వంటి కార్యక్రమాలకు తల్లిదండ్రుల నుంచి చందాలు ఎలా వసూలు చేయాలో చెప్పమనీ అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక మండల పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాలలో మా అమ్మాయి చదివే రోజుల్లో నేను ఆ కమిటీలో సభ్యురాలిగా పనిచేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: చందా అన్న మాటతో మొదలైన కమిటీ తన రెండో సమావేశం నాటికే సగం మంది తల్లులను పోగొట్టుకుంటుంది. కూలికి వెళ్లే మనిషి జాబితాలో తన పేరు ఎదుట ఎంత అంకె వేస్తారోనన్న భయంతో బడి గేటు దాకా రావడమే మానుకుంటుంది. ఆ తరువాత మనం తీరిగ్గా కూర్చుని, ఈ ఊరి తల్లిదండ్రులకు పిల్లల చదువు మీద శ్రద్ధ లేదని తేల్చేస్తాం.

మా బడిలో వార్షికోత్సవం గురించి చర్చించడానికి ఐదో తరగతి గదిలో సమావేశం పెట్టారు. పెద్దవాళ్లమంతా పిల్లల బల్లల మధ్య మోకాళ్లు ముడుచుకుని ఇరుక్కుని కూర్చున్నాం. ప్రధానోపాధ్యాయుడు ఖర్చుల పట్టీ చదివారు: షామియానా, సౌండ్ బాక్సులు, గేటుకు ఫ్లెక్సీ, అతిథులకు శాలువాలు, జ్ఞాపికలు, పూలగుత్తులు. పిల్లలకంటూ ఆ పట్టీలో ఉన్నది చిట్టచివరి పంక్తిలోని బిస్కెట్ పొట్లాలు మాత్రమే. మొత్తాన్ని ఇళ్ల సంఖ్యతో భాగించి ఇంటికింత అని చెప్పబోతుండగా, వెనక గోడకు ఆనుకుని నిలబడిన ఒక తల్లి కొంగు నడుముకు దోపుకుని ముందుకు వచ్చారు. "సార్, ఆడపిల్లల బాత్రూముకు గడియ లేదండి. మా పిల్ల లోపలికెళ్తే ఇంకో పిల్ల బయట తలుపు పట్టుకుని నిలబడాల్సి వస్తోంది. ముందు అది చూడండి, శాలువాలు తర్వాత కప్పుకోవచ్చు" అన్నారు. అది ఈనాటి అజెండాలో లేదమ్మా అని కమిటీ అధ్యక్షుడు సర్దిచెప్పబోయారు గానీ, అప్పటికే నలుగురైదుగురు తల్లులు లేచి వరండా దిగి మరుగుదొడ్ల వైపు నడవడం మొదలుపెట్టారు. మేమూ వెళ్లాం.

ఆ తలుపు ప్లాస్టిక్ తలుపు. గడియ ఉండవలసిన చోట స్క్రూలు ఊడిపోయిన నాలుగు రంధ్రాలు ఉన్నాయి. వాటిలో పై రెండింటి గుండా దూర్చి ముడివేసిన జడ రిబ్బను ముక్క ఒకటి లోపలి వైపుకు వేలాడుతోంది. తోడు రావడానికి స్నేహితురాలు ఎవరూ లేనప్పుడు ఆ రిబ్బనును మణికట్టుకు చుట్టుకుని, తలుపును తన వైపుకు లాగి పట్టుకోవడం పిల్లలు కనిపెట్టిన ఉపాయమట. తరగతి టీచరుకు తెలుసు, ఆయమ్మకు తెలుసు, అక్కడ నిలబడిన తల్లుల్లో చాలామందికి తెలుసు. అయినా సమావేశపు మినిట్స్ పుస్తకంలో అంతకు ముందు పేజీలన్నీ తిరగేస్తే ఆ మాట ఒక్కచోటా లేదు, జెండా పండుగకు మిఠాయిల లెక్క మాత్రం ప్రతి ఏడాదీ ఉంది. రెండో తరగతి పిల్లవాడి తండ్రి ఒకాయన వడ్రంగి. ఆయన చొక్కా జేబులోని పెన్సిలు తీసి, తలుపు అంచున కొలతకు గీత గీసుకుని, మర్నాడు ప్రార్థన గంట కొట్టేలోపే గడియ బిగించి వెళ్లిపోయారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆయన పేరు ఆ బడిలో ఏ ఫ్యాను రెక్క మీదా లేదు.

ఫ్యాను రెక్కల సంగతి వచ్చింది కనుక ఆ ముచ్చట కూడా చెప్పేస్తాను. మన బళ్లలో ఒక్క ఫ్యాను విరాళమిచ్చినవారు కూడా మూడు రెక్కల మీదా ఎర్ర రంగుతో "ఫలానా వారి జ్ఞాపకార్థం" అని రాయిస్తారు. ఫ్యాను చెడిపోయాక బాగుచేయించడానికి మాత్రం ఆ ఇంటి నుంచి ఎవరూ రారు. విరాళం ఇచ్చేవారికి గుర్తింపు అక్కరలేదని నేను అనడం లేదు, కానీ ప్రతి ఏటా తప్పనిసరిగా వచ్చే కరెంటు రిపేర్లు, కుళాయిలు, చీపుళ్లు, ఫినాయిల్ వంటి ఖర్చులకు పేరు రాసుకునే చోటు ఉండదు, అందుకే వాటికి దాత దొరకడు. మీ కమిటీ అడగవలసింది సరిగ్గా వాటిని.

అయితే అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: బడికి ఇప్పటికే వచ్చిన డబ్బు ఎంత, అది ఏమైంది? 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షను ఈ కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తం మీద సగం మంది స్త్రీలు ఉండాలని చెబుతుంది. బడి పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, ప్రభుత్వం నుంచి గానీ మరెక్కడి నుంచి గానీ వచ్చిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయో చూడడం మీ పనులని ఆ సెక్షను పేర్కొంటుంది. చందాలు వసూలు చేయడం అన్న మాట అందులో లేదు. సమగ్ర శిక్షా పథకం కింద పిల్లల సంఖ్యను బట్టి బడికి ఏటా కాంపోజిట్ గ్రాంటు, అంటే బడి నిర్వహణ ఖర్చులకు ఒకే మొత్తంగా ఇచ్చే సొమ్ము, మంజూరవుతుంది. 100 దాటి 250 వరకు పిల్లలుంటే 50,000 రూపాయలు, 1,000 వరకు ఉంటే 75,000, అంతకు మించితే లక్ష రూపాయలు పరిమితిగా పెట్టారు. అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు వాడాలన్న నియమం కూడా ఉంది. గడియ లేని మరుగుదొడ్డికి మా బడిలో చందా అవసరం ఎన్నడూ లేదు, అడిగే నోరు ఒక్కటే కావలసి వచ్చింది. గ్రాంటు ఆలస్యంగా వస్తుందని ప్రధానోపాధ్యాయులు చెబుతారు, అది నిజమే. కానీ ఆలస్యంగా వచ్చిందా, అసలు రాలేదా, వచ్చి దేనికి ఖర్చయింది అన్నవి వేరు వేరు విషయాలు, బిల్లులు చూడనిదే ఆ తేడా తెలియదు. లెక్కలు అడిగితే హెడ్మాస్టరు గారు నొచ్చుకుంటారని మొహమాటపడే సభ్యులు సంతకాలు పెట్టేటప్పుడు మాత్రం మొహమాటపడరు, అది నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఇదంతా చూశాక కూడా కొరత మిగిలితే అప్పుడు బయటివారిని అడగండి. "బడి అభివృద్ధికి తోచినంత సాయం" అని అడిగితే తోచినంతే వస్తుంది. అదే "మూడో తరగతి గదిలో రెండు ట్యూబ్‌లైట్లు లేవు" అని అడిగితే ఆ సాయంత్రానికే ఎవరో ఒకరు తెచ్చి ఇస్తారు. ఆ బడిలో చదువుకుని బయట స్థిరపడిన పూర్వ విద్యార్థులు ఇందులో అందరికన్నా ముందుంటారు, కాకపోతే వారికి డబ్బు అందినట్టు కాదు, పని పూర్తయినట్టు ఫోటో పంపాలి. 2021లో కేంద్ర విద్యాశాఖ విద్యాంజలి పోర్టల్‌ను కొత్త రూపంలో తెచ్చింది. దానిలో పాఠశాల తన అవసరాన్ని నమోదు చేస్తే, ఇష్టమున్నవారు వస్తువు రూపంలోనో సేవ రూపంలోనో అందించవచ్చు. నగదు ఇస్తామన్నవారి దగ్గర రసీదు లేకుండా రూపాయి కూడా తీసుకోకండి. ఆ సొమ్ము కమిటీ పేరిట విడిగా ఉన్న ఖాతాలోనే పడాలి, ఎవరి సొంత ఫోన్ నంబరుకూ రాకూడదు. ఖర్చు చేసిన ప్రతిసారీ లెక్కను నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో అంటించండి. వాట్సాప్ గ్రూపులో పెట్టామంటే చాలదు, అక్కడ శుభోదయాల కింద లెక్క పూడిపోతుంది, పైగా స్మార్ట్‌ఫోన్ లేని తల్లులే మా బడిలో ఎక్కువ.

తల్లిదండ్రుల చేత చందాలు కాక ఇంకేమి చేయించవచ్చని అడుగుతారేమో. 2024 డిసెంబరు 7న మన రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నిటిలో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ సమావేశం జరిపారు. సందడి బాగానే ఉంది, కానీ అది ఎప్పుడో ఒకసారి వచ్చే పండుగ. నేను చెప్పేది నెలకోసారి, ఓ గంట సేపు జరిగే పని. టైలరు తల్లి ఏడో తరగతి పిల్లలకు చిరుగు కుట్టడం, గుండీ కుట్టడం నేర్పవచ్చు, ఆటో నడిపే తండ్రి టైరు మార్చడం చూపించవచ్చు. మా బడిలో కుట్టుపని నాడు మగపిల్లలే ఎక్కువ ఉత్సాహం చూపించారు. వీటికి ఖర్చు లేదు, అంతకు మించి, చందా ఇవ్వలేని తల్లి కూడా ఆ రోజు తలెత్తుకుని బడికి వస్తుంది.

ఇక మీరు అడిగిన వార్షికోత్సవం. మేము షామియానా మానుకుని, మధ్యాహ్నం మూడింటికి నీడ పడే వైపున ఉన్న వరండానే వేదిక చేసుకున్నాం, పక్క ఊరి గుడి వారి మైకు అడిగి తెచ్చుకున్నాం. ముఖ్య అతిథి అంటూ ఎవరినీ పిలవలేదు. ముఖ్య అతిథి వచ్చేవరకు మేకప్ వేసుకున్న పసిపిల్లలను ఆకలితో కూర్చోబెట్టి, ఆయన వచ్చాక ప్రసంగాల కోసం వాళ్ల నృత్యాలు కత్తిరించే తంతు మాకు వద్దనుకున్నాం. చీకటి పడేలోగా అన్ని తరగతుల పిల్లలూ పూర్తిగా ఆడి పాడి ఇళ్లకు వెళ్లారు. శాలువా దక్కని ఒకరిద్దరు స్థానిక పెద్దలు మాత్రం ఆ తరువాత బడి పనుల మీద వెళితే కుర్చీ చూపించడం మానేశారు. బడికి ప్రహరీ గోడ వంటి పెద్ద పని కావాలంటే వారి సంతకం అవసరమవుతుంది కనుక, అతిథుల విషయంలో మా దారిలో వెళ్లాలా వద్దా అన్నది ఆ సంగతి కూడా బేరీజు వేసుకుని మీ కమిటీయే తేల్చుకోవాలి.