ఎలక్ట్రిక్ కారు తయారీ బాకీ ఎన్ని కిలోమీటర్లకు తీరుతుంది?

"మా ఫ్యాక్టరీలో కాలుష్యం లేదు" అని కార్ల కంపెనీలు అంటాయి. ఎలక్ట్రిక్ కారు తయారీకే పెట్రోలు కారుకన్నా ఎక్కువ కాలుష్యం అని ఇంకొందరు అంటారు. ఏది నమ్మాలన్నది ప్రశ్న. రెండూ నిజమే కావచ్చు, కాకపోతే మొదటిది చాలా చిన్న నిజం.

కార్ల కంపెనీ వోల్వో 2021లో తన సీ40 ఎలక్ట్రిక్ కారునీ, ఎక్స్‌సీ40 పెట్రోలు కారునీ పక్కపక్కన పెట్టి, గని నుంచి తుక్కుదాకా కార్బన్ లెక్క బయటపెట్టింది. ఒక్కో కారు 2,00,000 కిలోమీటర్లు తిరుగుతుందని అనుకుంది. ఎలక్ట్రిక్ కారు తయారయ్యేసరికే గాలిలోకి పోయేది సుమారు 26 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి సమానం: ముడిసరుకుకి 18, బ్యాటరీకి 7, వోల్వో సొంత ఫ్యాక్టరీలకు 1.4. పెట్రోలు కారుకి మొత్తం 16 లోపే. అంటే ఎలక్ట్రిక్ కారు దాదాపు 70 శాతం అదనపు కార్బన్ బాకీతో రోడ్డెక్కుతుంది.

ఆ 1.4 దగ్గర కాస్త ఆగండి. ఫ్యాక్టరీని పూర్తిగా గాలిమరల కరెంటుతో నడిపినా తగ్గేది తయారీ లెక్కలో 5 శాతమే. అసలు కార్బన్ భారమంతా అల్యూమినియం, ఉక్కు, బ్యాటరీ సెల్స్ మీద ఉంది. ఒక టన్ను ముడి అల్యూమినియం తీయడానికి 13 నుంచి 15 వేల యూనిట్ల కరెంటు కావాలి, తుక్కు కరిగించి వాడితే అందులో సుమారు 5 శాతం శక్తి చాలు. సెల్స్ తయారీలో ఎలక్ట్రోడ్ (సెల్ లోపల కరెంటు వచ్చిపోయే పలక) పూతను ఆరబెట్టడానికీ, తేమలేని గదులు నడపడానికీ బోలెడు శక్తి పోతుంది. అందుకే కంపెనీని అడగాల్సింది ఫ్యాక్టరీ పైకప్పు మీద సోలార్ పలకల గురించి కాదు: సెల్స్ ఏ కరెంటుతో చేశారు, అల్యూమినియంలో తుక్కు వాటా ఎంత?

ఇక బాకీ తీరేది మీ కరెంటును బట్టి. అదే నివేదిక ప్రకారం గాలి కరెంటైతే 49,000, యూరప్ సగటు కరెంటైతే 77,000, ప్రపంచ సగటైతే 1,10,000 కిలోమీటర్ల దగ్గర పెట్రోలు కారుతో సమానమవుతుంది. ఏడాదికి 10,000 తిరిగేవాళ్లకు చివరిది 11 ఏళ్ల మాట.

మీ లెక్క మీరే వేసుకోవచ్చు. తయారీ తేడాని, ఎలక్ట్రిక్ కారు కిలోమీటరుకి మిగిల్చే కార్బన్‌తో భాగించండి. పై కార్ల తేడా 10,700 కిలోలు, పెట్రోలు కారు కిలోమీటరుకి 215 గ్రాములు. కరెంటు యూనిట్‌కి 500 గ్రాములు, కారుకి 100 కిలోమీటర్లకు 20 యూనిట్లు అనుకుంటే కిలోమీటరుకి 100 గ్రాములు. తేడా 115 గ్రాములు, అంటే 0.115 కిలోలు. 10,700ని 0.115తో భాగిస్తే సుమారు 93,000. బొగ్గు ఎక్కువై యూనిట్‌కి 700 అయితే 1,43,000 దాకా పోతుంది.

ఈ లెక్కలో తప్పులు రెండు చోట్ల దొర్లుతాయి. పెట్రోలు కారు బ్రోచర్‌లో రాసేది పొగగొట్టం దగ్గర వచ్చేది మాత్రమే. లీటరు మండితే 2.3 కిలోలు, చమురు తవ్వి శుద్ధి చేసినందుకు ఇంకో ఐదో వంతు దాకా కలపాలి. ఎలక్ట్రిక్ కారుకేమో డ్యాష్‌బోర్డు అంకె కాకుండా గోడ దగ్గరి మీటర్ రీడింగ్ తీసుకోండి. ఛార్జింగ్‌లో 10 శాతం అటూఇటూ వేడిగా పోతుంది, డ్యాష్‌బోర్డు దాన్ని చూపించదు.

పెట్రోలు కారుకి క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే పరికరం) ఉందిగా అనకండి. 1976లో వోల్వోనే కాలిఫోర్నియా కార్లలో పొగలో ఆక్సిజన్‌ని కొలిచే లాంబ్డా సెన్సర్‌తో కలిపి దాన్ని తెచ్చింది. గాలి, పెట్రోలు 14.7:1 పాళ్లలో ఉంటే విషవాయువులను బాగా తగ్గిస్తుంది. కానీ అది కార్బన్ మోనాక్సైడ్‌ని డయాక్సైడ్‌గానే మారుస్తుంది, కార్బన్ ఎక్కడికీ పోదు.

ఇంకొకటి. 2030 కల్లా అన్నీ ఎలక్ట్రిక్ కార్లే అన్న వోల్వో, 2024 సెప్టెంబరులో ఆ లక్ష్యాన్ని "90–100 శాతం మధ్య" అని సడలించి, ప్లగ్-ఇన్ హైబ్రిడ్లనూ (పెట్రోలు ఇంజనూ, ఛార్జ్ చేసుకునే బ్యాటరీ రెండూ ఉన్న కార్లు) అందులో కలిపేసింది. ప్లగ్-ఇన్‌ని రోజూ ఛార్జ్ చేయకపోతే, అది బ్యాటరీ బరువు మోస్తూ తిరిగే పెట్రోలు కారే.