వస కొమ్ము సంగతి సరే, మీవారి సంగతేమిటి?

మీ పాపకు మూడు నెలలు. అత్తగారు రోజూ స్నానం చేయించి ముక్కులో రెండు చుక్కల కొబ్బరినూనె వేస్తున్నారు, నాలిక మీద వస అరగదీసి రాస్తున్నారు, ఎండలు కదా మంచినీళ్ళు పట్టమంటున్నారు. డాక్టరు ఇవేవీ వద్దన్నారు. ఆ మాట చెబితే "ముగ్గుర్ని పెంచాను, నాకు నేర్పుతావా" అన్నారు. తీరా మీరు చదివి చూస్తే డాక్టర్లూ తమ సలహాలు మార్చుకుంటూ వచ్చారని తెలిసింది. ఇక ఎవరిని నమ్మాలి అని రాశారు. మీవారేమో "మీరూ మీరూ తేల్చుకోండి" అంటున్నారట.

ఎవరిని నమ్మాలన్నది పక్కన పెట్టండి. ఒక్కో పనినీ విడిగా చూడాలమ్మా. ముక్కులో నూనె ఈరోజే ఆపాలి. నూనె జారితే పాపకు దగ్గు కూడా రాకపోవచ్చు, తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తేవచ్చు. ముక్కు దిబ్బడేస్తే మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు చాలు. వసలో ఆసరోన్ అనే విషపదార్థం ఉంది. పసిపిల్లకు ఎంత ఎక్కుతోందో అరగదీసే చేతికి తెలియదు, అదీ ఆపాలి. తల్లిపాలలో 87 శాతం పైగా నీళ్ళే, ఆరు నెలలు నిండేదాకా వేరే నీళ్ళు అక్కర్లేదు. రోజుకి ఆరు సార్లకు తక్కువ కాకుండా ఒంటికి పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే. ఒళ్ళంతా నూనె రాసి మర్దన చేయడం మాత్రం మంచిదే. అది అత్తగారి చేతికే వదిలేయండి, ఆ చేతికి ఉన్న నేర్పు మీకు ఇంకా రాలేదు.

"మా పిల్లలు ఇలాగే పెరిగారు" అన్న మాట బలహీనమైంది. బతికి బట్టకట్టిన పిల్లలే సాక్ష్యానికి వస్తారు. అలాగని డాక్టరు మాట వేదమని మీరు అత్తగారి ముందు ఫోన్ పెట్టి చదివి వినిపించడం కూడా తప్పే. అలర్జీ ముప్పు ఉన్న పిల్లలకు మూడేళ్ళ దాకా పల్లీ పెట్టొద్దని 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెప్పింది, 2008లో ఆ మాట వెనక్కి తీసుకుంది. పసితనంలోనే పల్లీ తినే ఇజ్రాయెల్ పిల్లల్లో ఆ అలర్జీ తక్కువెందుకని అడిగినవాళ్ళు లండన్‌లో అలాంటి ముప్పే ఉన్న 640 మంది పసివాళ్ళ మీద పరీక్షించారు. 2015లో ఫలితం వచ్చింది. ఐదేళ్ళు వచ్చేసరికి పల్లీ మానినవాళ్ళలో 17 శాతానికి, తిన్నవాళ్ళలో 3 శాతానికి అలర్జీ. వద్దన్న పల్లీని పసితనంలోనే పెట్టమనేదాకా సలహా మారింది ఎవరో ఎదురు తిరిగినందుకు కాదు, ఎందుకని అడిగి ఓపిగ్గా కొలిచినందుకు. ఇది చూపించి వస కూడా మంచిదేనేమో అనుకోవద్దు. (మీ పాపకూ ఆరో నెల దాటాక పల్లీ పలచటి ముద్దగా పెట్టొచ్చు, గింజగా మాత్రం వద్దు. గొంతుకు అడ్డం పడుతుంది.)

ఇక అసలు చిక్కు మీవారు. తల్లికి అడ్డు చెప్పే ధైర్యం లేక, భార్యను సమర్థించే మనసు రాక పక్కకు తప్పుకున్నారు. దాన్ని మంచితనం అనుకుంటున్నారేమో, నేను మాత్రం అనుకోను. బిడ్డ ఆయనది కూడా. కొడుకు చెబితే సలహా అయ్యే మాట కోడలు చెబితే ధిక్కారం అవుతుందని మన ఇళ్ళలో ఎవరికి తెలియదు?

పద్నాలుగో వారం టీకా దగ్గరపడింది. ఆ రోజు ఆయన సెలవు పెట్టాలి, అమ్మను వెంటబెట్టుకుని రావాలి. డాక్టరును అడగాల్సిందీ ఆయనే: ఇది ఎందుకు వద్దు, చేస్తే ఏమవుతుంది, మా పాపకు కూడా ఇదే వర్తిస్తుందా, బదులుగా ఏం చేయొచ్చు? జవాబు అత్తగారు తన చెవులతో వినాలి, తన అనుమానం తనే అడగాలి. మీరు ఆ పూట మాట్లాడకండి. విసుక్కుని పంపించేసే డాక్టరైతే ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి, అప్పుడూ ముగ్గురూ కలిసే. ఆయన సెలవు దొరకదంటే టీకా ఆపకండి. ముక్కులో నూనె సంగతి మాత్రం ఈ రాత్రే ఆయన నోటితోనే అమ్మకు చెప్పించండి.