టెక్ సందేహాలు: ఘాట్ రోడ్డులో పొగ కక్కే బండికి టెలిగ్రామ్ వైద్యం

ప్రశ్న: నాది 2012 మోడల్ ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ బండి. లక్షా ఎనభై వేల కిలోమీటర్లు తిరిగింది. సిటీలో బాగానే ఉంటుంది. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం నల్ల పొగ వదులుతుంది, చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, పికప్ మొత్తం పోతుంది. పక్కకి ఆపి, ఆఫ్ చేసి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలే. లోపాల కోడ్లు చదివే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ కొని బండికి పెడితే పీ0299 అని కోడ్ వచ్చింది. టర్బో మార్చాలని ఒకరు, ఇంజిన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ మార్చి రీమ్యాప్ చేస్తే పవర్ పెరిగి సమస్యే ఉండదని ఇంకొకరు అంటున్నారు. రీమ్యాప్ సాఫ్ట్‌వేర్ టెలిగ్రామ్‌లో ఫ్రీగా దొరికింది. నా ల్యాప్‌టాప్‌లో వేసుకోవచ్చా? కోడ్లు చూడటానికి ఏ యాప్ మంచిది?
- గాజువాక నుంచి ఒక పాఠకుడు

జవాబు: వేసుకోవద్దు. ఆ ఫైలు ఇంకా ఓపెన్ చేయకపోతే ఇప్పుడే డిలీట్ చేయండి. ఎందుకో చెబుతాను, ముందు బండి సంగతి చూద్దాం.

చలికాలం వచ్చి అరకు, లంబసింగి, వంజంగి ట్రిప్పులు మొదలయ్యాయంటే చాలు, ఇదే ఉత్తరం బండి పేరు మార్చుకుని వస్తూ ఉంటుంది. ప్రతి దాంట్లో డాంగిల్ ఉంటుంది, కోడ్ ఉంటుంది, టర్బో మార్చమన్న సలహా ఉంటుంది. బానెట్ ఎత్తి చూశామన్న మాట మాత్రం ఉండదు.

పీ0299 అంటే టర్బో పాడైందని కాదు. ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, అడిగినంత బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడి) అందడం లేదని, అంతే. గాలి తగ్గి డీజిల్ ఎక్కువైతే నల్ల పొగ వస్తుంది. దెబ్బ తినకుండా ఈసీయూ తనే పవర్ కోసేస్తుంది, అదే లింప్ మోడ్. విశాఖలో ఎన్ఏడీ ఫ్లైఓవర్ ఎక్కడానికి అంత బూస్ట్ అక్కర్లేదు కాబట్టి సిటీలో లోపం బయటపడదు. ఘాట్‌లో సెకండ్ గేర్‌లో, నిండా మనుషులతో ఎక్కేటప్పుడు దొరికిపోతుంది.

మీ బండి వయసుకి ముందు అనుమానించాల్సింది రబ్బరుని. ఇంజిన్ చల్లారాక, టర్బో నుంచి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి, అక్కణ్నుంచి ఇంజిన్‌కి వెళ్లే హోస్ పైపుల క్లాంపుల చుట్టూ వేలితో తడమండి. నల్లటి జిడ్డు తడితడిగా అంటుకుంటే గాలి అక్కడే పోతోంది. కింది వైపు కూడా తడమండి, చీలిక చాలాసార్లు కంటికి కనపడని ఆ చోటే ఉంటుంది. తర్వాత టర్బో పక్కన చిన్న డబ్బాలా ఉండే యాక్చుయేటర్, దాన్నుంచి బయటికొచ్చే సన్నని కడ్డీ. ఇంకొకరిని స్టార్ట్ చేయమని, చేతులు దూరంగా పెట్టి మీరు ఆ కడ్డీనే చూడండి. వాక్యూమ్‌తో పనిచేసే రకమైతే, ఇంజిన్ అందుకోగానే కడ్డీ చటుక్కున కదులుతుంది, ఆపగానే మళ్లీ యథాస్థానానికి వస్తుంది. కదలకపోయినా, బద్ధకంగా కదిలినా, సన్నటి వాక్యూమ్ పైపు ఎక్కడో పగిలి ఉండొచ్చు, లేదా టర్బో లోపలి వేన్లు (సన్నటి రెక్కలు) మసి పట్టి బిగుసుకుని ఉండొచ్చు. పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మూసుకోకపోయినా ఇవే లక్షణాలు. ఇవన్నీ చూడకుండా టర్బోకి ఆర్డర్ పెట్టేవాడి దగ్గర బండి వదలకండి.

మన ఊళ్లో ఇంకోటి ఉంది, ఉప్పుగాలి. సముద్రం దగ్గర ఆరుబయట ఉండే బండి సెన్సర్ కనెక్టర్లలో పచ్చటి చిలుము పడుతుంది, ఎర్త్ వైరు కొసలు తింటుంది. మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ బ్లాక్ మీద పెయింట్ లేని చోట పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ సరిగా లేనట్టే. ఎర్త్ దెబ్బతింటే సెన్సర్ల లెక్కలూ దారి తప్పుతాయి. డాంగిల్ ఆ తప్పు లెక్కల్నే రంగురంగుల మీటర్లలో చూపిస్తుంది.

కోడ్ చెరిపేశాక నాకు రాసేవాళ్లతో ఇంకో చిరాకు. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటి సేవ్ అవుతుంది. తేడా వచ్చిన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, స్పీడు ఎంత, ఇంజిన్ మీద లోడు ఎంత అన్నీ అందులో ఉంటాయి. మెకానిక్కుకి కావలసింది అదే. ‘క్లియర్’ నొక్కితే అదీ పోతుంది. స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే వేలు అటు పోనివ్వండి.

యాప్ ఏదైనా ఫర్వాలేదు, ఫ్రీజ్ ఫ్రేమ్ చూపిస్తే చాలు. చూడాల్సింది పర్మిషన్లు. ఆండ్రాయిడ్ 12 నుంచి ‘నియర్‌బై డివైసెస్’ పర్మిషన్ విడిగా ఉంది, డాంగిల్‌తో మాట్లాడటానికి అది సరిపోతుంది. కోడ్ చదవడానికి మీ కాంటాక్టులు ఎందుకు? అడిగితే తీసేయండి.

ఇక డాంగిల్. పని అయ్యాక పీకేయండి. ఓబీడీ సాకెట్‌లో 16వ పిన్నుకి బ్యాటరీ కరెంటు నేరుగా వస్తుంది, తాళం తీసినా ఆగదు. అంటే మీరు ఇంట్లో నిద్రపోతున్నా డాంగిల్ మేలుకునే ఉంటుంది, పాస్‌వర్డ్ 1234 లేదా 0000 పెట్టుకుని. వైఫై రకాల్లో చాలావాటికి ఆ మాత్రం పాస్‌వర్డ్ కూడా ఉండదు. అవతల బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే క్యాన్ నెట్‌వర్క్ 1986లో బయటికొచ్చిన డిజైన్, మెసేజ్ ఎవరు పంపారని అడిగే అలవాటు దానికి లేదు. కొత్త బండ్లలో సాకెట్‌కీ ఇంజిన్‌కీ మధ్య మెసేజ్‌లని వడకట్టే గేట్‌వే పెడుతున్నారు. మీ తరం బండ్లలో సాధారణంగా అది ఉండదు. కాలిఫోర్నియా యూనివర్సిటీ, శాండియాగో పరిశోధకులు 2015లో, ఇన్సూరెన్స్ వాళ్లు వాడే సిమ్ ఉన్న డాంగిల్ ఒకదానికి ఎస్ఎంఎస్‌లు పంపి కారు వైపర్లు ఆడించారు, తక్కువ స్పీడులో బ్రేకులు పడకుండా చేసి చూపించారు. మీ డాంగిల్‌కి సిమ్ లేదు కాబట్టి ఎవరైనా దగ్గరికి రావాలి, అంతే తేడా.

అయినా నాకు అసలు టెన్షన్ ఆ టెలిగ్రామ్ ఫైలు గురించే. ఇలాంటి క్రాక్ (దొంగ కాపీ) సాఫ్ట్‌వేర్లతో వచ్చే సూచనల్లో మొదటి లైను దాదాపు ఒకేలా ఉంటుంది: ‘ముందు యాంటీవైరస్ ఆపేయండి’. వీధిలో ఎవరైనా వచ్చి ‘మీ ఇంటి తలుపు గడియ తీసి పెట్టండి, పని ఉంది’ అంటే తీస్తామా? ఇక్కడ మాత్రం తీస్తాం, పవర్ పెరుగుతుందంటున్నారు కాబట్టి. అదే ల్యాప్‌టాప్‌లో మీ మెయిల్, నెట్ బ్యాంకింగ్, పిల్లల ఆధార్ స్కాన్లు అన్నీ ఉంటాయి. పాస్‌వర్డ్‌లు దొంగిలించే మాల్‌వేర్ ఏమీ పాడు చేయదు, స్క్రీన్ మీద ఏమీ చూపించదు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, మీరు లాగిన్ అయి ఉన్న సెషన్ కుకీలు పట్టుకుపోతుంది. కుకీ చేతికి చిక్కితే వాళ్లు కొత్తగా లాగిన్ కానక్కర్లేదు, కొన్ని అకౌంట్లలో మీకు ఓటీపీ కూడా రాదు. ‘ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, అయినా మెయిల్ పోయింది’ అని రాసేవాళ్లలో కొందరికి ఇదే జరిగి ఉంటుంది. ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఆ ల్యాప్‌టాప్‌ని నెట్ నుంచి తీసేయండి. వేరే ఫోన్ నుంచి మెయిల్ పాస్‌వర్డ్ ముందు మార్చి, అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్ కొట్టండి. తర్వాత బ్యాంకు. ల్యాప్‌టాప్‌లో విండోస్ మొదటి నుంచి వేసుకోవాలి, స్కాన్ చేసి సరిపెట్టుకుంటే కుదరదు.

వైరస్ లేదనే అనుకుందాం. ఈసీయూలోకి ఫైలు రాస్తుండగా బ్యాటరీ వోల్టేజీ పడిపోతే ఈసీయూ మధ్యలోనే ఆగిపోతుంది, బండి కదలదు. పైగా పైపు చీలిన బండికి రీమ్యాప్ చేసి బూస్ట్ ఇంకా అడిగితే, లీకైన గాలిని కూడా పూరించడానికి టర్బో నిమిషానికి లక్ష చుట్లు దాటి ఇంకా ఇంకా పరుగెడుతుంది. మార్చక్కర్లేని టర్బోని అప్పుడు నిజంగానే మార్చాల్సి వస్తుంది. బండి ఆరోగ్యంగా ఉంటే, తెలిసినవాళ్లు డబ్బు తీసుకుని చేసే రీమ్యాప్‌తో ఘాట్‌లో తేడా తెలుస్తుంది, కాదనను. కానీ అదనపు టార్క్ మోయాల్సింది అదే పాత క్లచ్. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా ఉంది. తయారీదారు స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

జనం టెలిగ్రామ్ దాకా ఎందుకు పోతున్నారంటే, తప్పు వాళ్లదొక్కరిదే అని నేననను. మన దేశంలో ఓబీడీ 2010 నుంచి అంచెలంచెలుగా తప్పనిసరైంది. ఆ సాకెట్ బండి యజమాని సొత్తు. కానీ అందులోంచి పొగకి సంబంధించిన నాలుగు కోడ్లు తప్ప మిగతావి పూర్తిగా చదవాలంటే చాలాసార్లు కంపెనీ సొంత స్కానర్ కావాలి, అది సాధారణంగా షోరూమ్ దాటి రాదు. ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న మేస్త్రీ కూడా తరచూ క్లోన్ (నకిలీ) స్కానర్‌తోనే బతకాలి. కేంద్రం 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెచ్చింది, వాహనాలూ అందులో ఉన్నాయి. ఫోన్ నంబర్లు, మాన్యువళ్లు పెట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు. పదిహేనేళ్లు తిరగాల్సిన బండికి సర్వీస్ సాఫ్ట్‌వేర్‌ని న్యాయమైన ధరకి బయట అమ్మమని కంపెనీల మెడ మీద కూర్చోవాలి. అసలైనది కొనే దారి లేనంత కాలం నకిలీ అమ్మేవాడిదే రాజ్యం.

ప్రశ్న: నాది 1990ల నాటి డీజిల్ జీపు. డాంగిల్ ఎక్కడ పెట్టాలో దొరకడం లేదు. కంప్యూటర్‌తో నడిచే కామన్ రైల్ ఇంజిన్ ఎక్కిస్తే అన్నీ ఫోన్‌లో చూసుకోవచ్చు కదా?
- భీమిలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: దొరకదు, లేదు కాబట్టి. మీది మెకానికల్ పంపు, దానికి ఈసీయూ అవసరమే లేదు. హ్యాక్ చేయడానికీ ఏమీ లేదు, మీ అదృష్టం. పొగ, పికప్ సమస్యలుంటే కంప్రెషన్ టెస్ట్, ట్యాపెట్ సెట్టింగ్, పంపు కాలిబ్రేషన్ చేయించండి.

ఫోన్‌లో మీటర్లు చూడటానికి ఇంజిన్ మార్చడం నాకు నచ్చలేదు, బండి మీది. మార్చాలంటే ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకుని, ఆర్‌సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కించుకోవాలి. పాత సామాను యార్డులో ఇంజిన్ ఒక్కటే చవగ్గా ఇస్తానంటే తొందరపడకండి. చాలా కామన్ రైల్ బండ్లలో ఈసీయూ ఆ బండి తాళంలో దొంగతనం ఆపడానికి పెట్టే ఇమ్మొబిలైజర్ చిప్‌కే కట్టుబడి ఉంటుంది, అది లేకపోతే స్టార్ట్ కానివ్వదు. ఈసీయూ, తాళం, వైరింగ్, యాక్సిలరేటర్ పెడల్ అన్నీ అదే బండివి ఇస్తానంటేనే బేరం మొదలుపెట్టండి.