ముందు పళ్ల మధ్య మేకు పన్ను

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. పై ముందు పళ్లలో ఒకటి పోయిన ఉగాదికే వచ్చింది, రెండోది ఇంతవరకు రాలేదు. సరిగ్గా మధ్యలో మేకులా మొనదేలిన చిన్న పన్ను మొలిచింది. అదనపు పన్ను అదృష్టం, పీకించవద్దంటున్నారు మా అత్తమ్మ. నేను కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజున బయట తిరిగినందుకే ఇలా అయిందనీ అంటున్నారు. నాలుగేళ్ల పాపకేమో కింద రెండు పళ్లు అతుక్కుని ఒకే వెడల్పు పన్నులా ఉన్నాయి. ఇదంతా నా వల్లేనా?
– ఒక తల్లి, పరకాల

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతానమ్మా. మీ వల్ల కాదు. పాలపళ్ల మొగ్గలు గర్భంలో ఆరో వారానికే మొదలవుతాయి. ఎన్ని పళ్లు రావాలి, ఎంతెంత ఉండాలి అన్నది చాలావరకు వంశం నుంచి వచ్చేదే. నాకు ముందు పన్ను పక్కది బియ్యపు గింజంత ఉండేది, మా నాన్నకూ అంతే. ఇంటర్ పూర్తయ్యేదాకా చెయ్యి అడ్డుపెట్టుకునే నవ్వాను. అందుకే మీ బాబు బడిలో నోరు తెరిచి నవ్వుతున్నాడో లేదో కూడా గమనించమంటున్నాను.

మధ్యలో వచ్చే ఈ పన్నును మీసియోడెన్స్ అంటారు. మగపిల్లల్లో ఎక్కువ. అత్తమ్మగారి మాటలో మనవడి మీద ప్రేమే ఉంది, కానీ రెండో ముందు పన్నుకు దారి మూసింది ఇదే కావచ్చు. ఒకవైపు పన్ను వచ్చి ఆరు నెలలు దాటినా రెండోవైపుది రాకపోతే ఎక్స్‌రే తీయించాలి. మీకు ఏడాది దాటింది. ఎముకలో ఇంకో అదనపు పన్ను, ఒక్కోసారి తలకిందులుగా, దాగి ఉండవచ్చు. కనుక ఎక్స్‌రే చూడకుండా పీకేస్తామంటే ఒప్పుకోవద్దు. పైకి కనిపించే పన్నును మత్తు సూది వేసి తీయడం తేలికే. చోటుంటే, ఆగిన పన్ను చాలామందిలో కొన్ని నెలలకు తనంతట తానే దిగుతుంది. ఎనిమిదేళ్లకు దాని వేరు ఇంకా పెరుగుతూనే ఉంటుంది, సుమారు పదేళ్లకు పూర్తవుతుంది. దసరా సెలవుల దాకా ఆగకండి.

పాపకు అంత తొందర లేదు. కింది వరస లెక్కపెట్టండి, పది ఉండాలి. వెడల్పు పన్నును ఒకటిగా లెక్కిస్తే తొమ్మిదే వచ్చాయా, రెండు పళ్లు కలిసిపోయి ఉంటాయి. అలాంటి చోట తర్వాత రావలసిన శాశ్వత దంతం ఒకటి లేకపోవచ్చు. ఆరేడేళ్లప్పుడు ఎక్స్‌రేలో తెలుస్తుంది. అప్పటిదాకా ఆ రెంటి మధ్య గాడి పుచ్చిపోకుండా రాత్రి పాలు తాగాక మీరే బ్రష్ చేయండి. బాబుతో హనుమకొండ బస్సు ఎక్కిన రోజే పాపనూ తీసుకురండి, ఇద్దరి పళ్లూ ఒకేసారి చూపించవచ్చు.